దూరం పొమ్మన్న గొంతు

అనగనగా ఒక నది. దాని పేరు నీలవేణి. ఆ నది పొడుగునా ఊళ్ళున్నాయి, తోటలున్నాయి, రేవులున్నాయి. తీరా సముద్రంలో కలిసే చోట మాత్రం దానికి తోడు ఎవ్వరూ లేరు. ఇసుక, మొగలి పొదలు, గాలి. అంతే. ఈ కథ చివరికి అక్కడికే చేరుతుంది గాని, మొదలైంది మాత్రం ఎగువనున్న ఏటిపాలెంలో.

ఏటిపాలెంలో సూరమ్మ అనే ఆవిడకు లేక లేక ఒక కొడుకు కలిగాడు. కోనయ్య అని పేరు పెట్టుకుంది. భూమ్మీద పడగానే ఆ బిడ్డ కేరుమన్నాడు. ఆ కేకకు పెరట్లో ఆవు పలుపు తెంపుకుంది. పక్కింటి ముసలాయన ఎక్కడో పిడుగు పడిందనుకుని అర్జునా ఫల్గుణా అని జపించాడు.

బిడ్డతో పాటు గొంతూ పెరిగింది. కోనయ్య మామూలుగా మాట్లాడితే పొలం అవతలి గట్టున ఉన్నవాళ్ళు తిరిగి చూసేవారు. నవ్వితే కొంగలు లేచిపోయేవి. దాగుడుమూతలాటలో పిల్లలు అతణ్ణి చేర్చుకునేవారు కాదు. వాడు గుసగుసలాడినా దొంగకు వినబడుతుందని వాళ్ళ గోల. ఊళ్ళో ఎవరి నోట విన్నా ఒకటే మాట. మెల్లగా మాట్లాడరా కోనయ్యా, మెల్లగా.

మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నాడు. తరవాత తక్కువగా మాట్లాడటం నేర్చుకున్నాడు.

ఈడొచ్చాక పెళ్ళిచూపులకు వెళ్ళారు. పిల్ల తాతగారు నీ పేరేమిటి నాయనా అని అడిగాడు. కంగారులో కోనయ్య జాగ్రత్త మరిచిపోయాడు. పేరు చెప్పాడు. తాతగారి చేతిలో మజ్జిగ గ్లాసు జారిపడింది. లోపల ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆ సంబంధం అక్కడితో సరి. ఆ తరవాత మరో సంబంధం రాలేదు.

ఆ గొంతంటే ఇష్టపడింది తల్లి ఒక్కతే. చేలోకి కలుపు తీయడానికి పోతూ, అక్కడికి వినబడేలా ఒకసారి పిలవరా, వినాలనుంది అనేది. చివరి జబ్బుతో మంచాన పడ్డప్పుడు కూడా అదే అడిగింది. కోనయ్య గుండె నిండా ఊపిరి తీసుకుని అమ్మా అని పిలిచాడు. ఆవిడ నవ్వుతూ కన్నుమూసింది. ఇరుగుపొరుగులు ముందు ఆ చప్పుణ్ణి తిట్టుకున్నారు. చావు సంగతి తరవాత తెలిసింది వాళ్ళకు.

ఇక ఆ ఇంట్లో మాట్లాడేందుకు ఎవరూ లేరు. కోనయ్య తలుపు దగ్గరగా వేసి ఊరు విడిచి వెళ్ళాడు.

మొదట ఒక సంగీత గురువు దగ్గర చేరాడు. ఆయన పేరు సోమయాజులు. మంచివాడు. శిష్యులు నవ్వుతున్నా, ముఖం చిట్లిస్తున్నా ఊరుకోమని గదమాయించి కోనయ్యకు స్వరాలు నేర్పాడు. కోనయ్య గొంతు బిగపట్టి, నొక్కిపెట్టి, దారంలా సన్నగా పాడబోయేవాడు. మెడనరాలు పొంగేవి. కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. కొన్నాళ్ళు చూసి గురువు అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నాయనా, నీ గొంతు నాలుగు గోడల మధ్య ఇమిడేది కాదు. దాన్ని నేను కోసి చిన్నది చెయ్యగలను. కానీ అది పాపం. నేను చెయ్యను. వెళ్ళిరా."

ఎక్కడికి వెళ్ళాలో మాత్రం గురువుకూ తెలియదు.

తరవాత పట్నం సంతలో ధనగుప్తుడనే వర్తకుడు అతని గొంతు విన్నాడు. ఇది గొంతు కాదు, పెన్నిధి అనుకున్నాడు. కొట్టు ముందు నిలబెట్టి సరుకు పేర్లు కేక వెయ్యమన్నాడు. కోనయ్య కేక వేస్తే సంత ఆ చివర నుంచి ఈ చివరకు జనం తిరిగేవారు. బేరం పోటెత్తింది. వర్తకుడు అతనికి కొత్త పంచె పెట్టాడు, పక్కన కూర్చోబెట్టుకుని తమలపాకులు ఇచ్చాడు. ఇన్నాళ్ళకు నన్ను కావాలనుకున్నవాడు ఒకడు దొరికాడని కోనయ్య మురిసిపోయాడు.

ఒక వానాకాలం కొట్లో బియ్యం ముక్కిపోయింది. పురుగు పట్టింది. కొత్త పంట బియ్యమని కేక వెయ్యమన్నాడు ధనగుప్తుడు. కోనయ్య వేశాడు. జనం మూగారు. ఒక ముసలమ్మ కొంగులో బియ్యం పోయించుకుని వెళుతూ, ఇంత గట్టిగా చెబుతున్నాడంటే నిజమే అయ్యుంటుందిలే అని తోటి ఆమెతో అంది.

ఆ మాట కోనయ్యకు ముల్లులా గుచ్చుకుంది. గొంతు పెద్దదైతే అబద్ధమూ పెద్దదవుతుందని అప్పుడు తెలిసింది. కొత్త పంచె విప్పి మడతపెట్టి కొట్టు గడప మీద ఉంచి, పాతది కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఈ గొంతుతో నాకు పని లేదనుకున్నాడు. నీలవేణి ఒడ్డున కొండ కింద ఒక మఠం ఉంటే అక్కడ చేరి మౌనం పట్టాడు.

ఇక్కడ ఒక వింత జరిగింది వినండి. పుట్టిన దగ్గర నుంచీ మాట్లాడినందుకు ఛీ అన్న లోకం, నోరు మూసుకోగానే దణ్ణం పెట్టింది. మౌనస్వామి అంటూ జనం రావడం మొదలుపెట్టారు. అరటిపళ్ళు తెచ్చేవారు. పూలదండలు వేసేవారు. పసిబిడ్డలను తెచ్చి కాళ్ళ దగ్గర పడుకోబెట్టేవారు. కోనయ్యకు లోపల సిగ్గుగా ఉండేది. కానీ హాయిగా కూడా ఉండేది. నలుగురి మధ్య కూర్చోవడం అతనికి అదే మొదలు. నా గొంతు లేని నన్ను వీళ్ళు ప్రేమిస్తున్నారు, పోనీ అదే నేననుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాడు. అలా కాలం గడిచిపోయింది. నిద్రలో సైతం పెదవి విప్పకుండా అలవాటు చేసుకున్నాడు.

ఒక శ్రావణమాసం. ఎగువన కొండల్లో వానలు. మఠం మెట్ల మీద భక్తులు నిండుగా కూర్చున్నారు. అందరికంటే పైమెట్టు మీద కోనయ్య. ఏటి నడుమ ఇసుకలంకలో ఎవరో ఆడమనిషి ఒంగి గడ్డి కోసుకుంటోంది. పక్కన గుంజకు దూడ కట్టేసి ఉంది. ఎగువ మలుపులో నీటి రంగు మారడం కోనయ్య కంటబడింది. ఎర్రటి నీరు, నురగలు కక్కుతూ, కొమ్మలనూ చెట్లనూ దొర్లించుకుంటూ వస్తోంది.

కోనయ్య నోరు తెరిచాడు. అంతలో మెడలోని దండ బరువు తెలిసింది. ఎదురుగా చేతులు జోడించిన ముఖాలు కనబడ్డాయి. ఇదంతా పోతుందే అనిపించింది. ఒక్క గుక్క. ఒక్క గుక్క ఊపిరి మాత్రమే ఆగాడు.

ఆ తరవాత కేక వేశాడు. "ఏరొస్తోంది! పరుగెత్తు!"

మఠం గంటలు వాటంతట అవే గణగణలాడాయి. భక్తులు చెవులు మూసుకున్నారు. లంకలో ఆడమనిషి తలెత్తి చూసి, కొడవలి పారేసి పరుగెత్తింది. ఆమె గట్టెక్కేసరికి వెనక లంక లేదు. దూడ లేదు.

భక్తులు మండిపడ్డారు. వీడు మౌని కాదు, దొంగ అన్నారు. పెట్టిన పళ్ళకు, వేసిన దండలకు లెక్క అడిగారు. ఎవరో అతని మెడలో దండ తెంపి పారేశారు. అవేవీ కోనయ్యకు పట్టలేదు. మెట్లు దిగి, తడిసి వణుకుతున్న ఆ మనిషి దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. ఏటి వంకే చూస్తూ అంది.

"బతికించావయ్యా. ఇంకొక్క గుక్క ముందు పిలిచి ఉంటే పలుపు విప్పుకునేదాన్ని."

కోనయ్య ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి, నది ఎటు పోతోందో అటు నడిచాడు.

నడిచి నడిచి ఇక నేల లేని చోటికి వచ్చాడు. నది సముద్రంలో కలిసే చోటది. అక్కడివాళ్ళు మొగ అంటారు. ఎప్పటిదో ఒక బెస్తవాడి పాక, సగం కూలి ఉంది. దానిపై తాటాకు కప్పుకున్నాడు. ఎదురుగా నీళ్ళలో ఏనుగులు పడుకున్నట్టు నల్లటి బండలు. ఇసుక మీద ఎటు చూసినా విరిగిన పడవ చెక్కలు, చీకిపోయిన తెరచాప పీలికలు. అవేమిటో ముందు అతనికి అర్థం కాలేదు.

మెల్లగా మాట్లాడమనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. మొదటిరోజు సముద్రానికి ఎదురుగా నిలబడి నిండు గొంతుతో తన పేరు తానే చెప్పుకున్నాడు. కొండలు ఉంటే మారుపలికేవి. సముద్రం ఏమీ తిరిగి ఇవ్వలేదు. ఎంత గొంతు వేసినా తనలో కలిపేసుకుంది. కోనయ్య కాసేపు నిలబడి పాకలోకి పోయి కూర్చున్నాడు. ఇంత గొంతుండీ పిలవడానికి ఒక్క పేరు లేదే అనుకున్నాడు.

చేపలు పట్టుకునేవాడు. మొగలి ఆకులు ఎండబెట్టి చాపలు అల్లేవాడు. అప్పుడప్పుడు ఎగువనున్న రేవుపట్నానికి నడిచి వెళ్ళి, చాపలు ఇచ్చి బియ్యం, ఉప్పు తెచ్చుకునేవాడు. అంగడిలో వేలు చూపించి అడిగేవాడు. మూగవాడు పాపం అనుకునేవారు.

మార్గశిరం వచ్చింది. ఒక తెల్లవారి లేచేసరికి పాక బయట లోకం లేదు. అంతా మంచు. చాచిన చెయ్యి కూడా కనబడటం లేదు. సముద్రం వైపు నుంచి తెడ్ల చప్పుడు వినిపించింది. ఎవరో పడవవాడు పాట పాడుతున్నాడు. ఇంటికి పోతున్నవాడి పాట. ఆ పాట నేరుగా బండల వైపుకే వస్తోంది.

ఒడ్డున పడి ఉన్న చెక్కలేమిటో కోనయ్యకు అప్పుడు అర్థమైంది.

ఈసారి ఒక్క గుక్క కూడా ఆగలేదు. మోకాలి లోతు నీళ్ళలో పడి బండ ఎక్కి కేక వేశాడు.

"దూరం! దూరం! బండలున్నాయి, దూరం!"

పాట ఆగిపోయింది. తెడ్లు తడబడ్డాయి. పడవలో వాళ్ళు భయపడి దేవుళ్ళకు మొక్కుకోవడం వినిపించింది. తరవాత తెడ్లచప్పుడు పక్కకు తిరిగి, బండలను చుట్టి, నదిలోకి మెల్లమెల్లగా సాగి పోయింది. కోనయ్య బండ మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా తేలికైంది. గొంతు నొప్పి పెట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎంత ఉందో అంత గొంతూ పనికి సరిపోయింది. ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు.

ఆ రోజు మొదలు మంచు పడ్డ ప్రతి ఉదయం కోనయ్య బండ ఎక్కేవాడు. పడవలు వచ్చేవి. దూరం అనేవాడు. దూరంగా పోయేవి. ఎన్నో గొంతులు మంచులో నుంచి దగ్గరకు వచ్చేవి. ముసలివాళ్ళ దగ్గులు, కొత్త పెళ్ళికూతుళ్ళ గాజుల చప్పుడు, పసిపిల్లల ఏడుపులు. ఇంకాస్త దగ్గరకు వస్తే ముఖాలు కనబడతాయనిపించేది. సరిగ్గా అప్పుడే దూరం పొమ్మని అరవాలి. అతని పని అది. మనుషులకోసం అంత తపించినవాడు, వచ్చిన ప్రతి మనిషినీ దూరం పొమ్మనేవాడు. మంచు విడిచాక చూస్తే మొగలో ఎవరూ ఉండేవారు కాదు.

ఒకసారి ఉప్పుకోసం రేవుపట్నం పోయినప్పుడు అంగడిలో మాటలు వినబడ్డాయి. మొగలో ఒక దేవర వెలిశాడట. మంచులో కేక వేసి పడవలను కాస్తున్నాడట. కోనయ్య ఉప్పు మూట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తనలో తాను నవ్వుకున్నాడు.

మరోసారి వెళ్ళేసరికి రేవులో కేకల దేవరకు చిన్న గుడి లేచింది. చాపలు అమ్మడానికి వచ్చిన కోనయ్యను కూడా, దేవరకు ఏదో ఒకటి సమర్పించుకోవయ్యా అని అడిగారు. చేతిలో ఉన్న చాప ఒకటి ఇచ్చాడు. ఈసారి నవ్వు అంత సులువుగా రాలేదు.

మూడోసారి వెళ్ళేసరికి గుడి ముందు శంభులింగం అనేవాడు పులితోలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. దేవర నా మంత్రానికి కట్టుబడి ఉన్నాడు, నేను పంపితేనే కేక వేస్తాడు అంటున్నాడు. పడవవాళ్ళు అతని ముందు సాగిలపడుతున్నారు. ఆ కేక నాదే అని అరవాలనిపించింది కోనయ్యకు. పెదవులు బిగబట్టి, ఆ దారంతా పరుగులాంటి నడకతో పాక చేరాడు.

ఆ పుష్యమాసంలో ఆ దేశపు రాజు ఇంద్రకీర్తి దీవుల నుంచి తిరిగి వస్తున్నాడు. మొగ దగ్గర మంచు కమ్మింది. బండల నుంచి కేక వచ్చింది. ముసలి సరంగు చుక్కాని తిప్పాడు. రాజు బతికి బయటపడ్డాడు. రేవులో దిగగానే, నన్ను కాపాడినవారెవరని అడిగాడు. శంభులింగం ముందుకు వచ్చి నమస్కరించాడు. మాఘపౌర్ణమినాడు రేవులో ఉత్సవం చేసి నీకు బిరుదు ఇస్తానని రాజు మాట ఇచ్చాడు. ఆ రోజు దేవరను బండల మీదనుంచీ నీళ్ళమీదనుంచీ పిలిచి గుడిలోనే నిలుపుతాను, జనమంతా చూడవచ్చు అని శంభులింగం గొప్పలు పోయాడు.

ఆ దండోరా చాపలు అమ్ముకుంటున్న కోనయ్య చెవిన పడింది.

నిజం చెప్పుకోవాలి కదా. కోనయ్యకు బిరుదు అక్కర్లేదు. సన్మానం అక్కర్లేదు. కానీ ఆ రోజు రేవులో బంతిభోజనాలున్నాయని విన్నాడు. ఒక్క కేక వేసి, అది నేనే అని చెప్పి, ఆ బంతిలో నలుగురి మధ్య కూర్చుని, పక్కవాడు ఇంకాస్త పప్పు వేసుకోవయ్యా అంటే వేసుకోవాలనిపించింది. ఆ ఆశ మనసులో పడ్డాక కంటికి కునుకు రాలేదు.

మాఘపౌర్ణమి తెల్లవారింది. ఆకాశం తేటగా ఉంది. కోనయ్య స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఏటిగట్టు వెంట బయలుదేరాడు. సరుగుడు తోపు దాటాడు. అక్కడినుంచి రేవు డప్పులు సన్నగా వినబడుతున్నాయి. అప్పుడు వీపుకు చల్లగాలి తగిలింది. వెనక్కి తిరిగి చూశాడు. సముద్రం మీదినుంచి మంచు గోడలా లేచి వస్తోంది.

ఉత్సవానికి దీవుల నుంచి పడవలు వస్తాయి. పిల్లాపాపలతో వస్తాయి. అతనికి తెలుసు.

ముందర డప్పులు. వెనక మంచు. అతనికి ఏడుపొచ్చింది. ఇవాళ ఒక్కరోజు, ఈ ఒక్కరోజు నా కోసం ఉంచకూడదా అని ఎవరిని అడగాలో తెలియక ఆకాశాన్ని అడిగాడు. అడుగుతూనే వెనక్కి పరుగు తీశాడు. ఆగి ఆలోచించలేదు. ఒకప్పుడు ఆగినందుకు ఏం పోయిందో అతనికి ఎవరూ గుర్తు చెయ్యనక్కర్లేదు.

ఆ ఉదయమంతా బండ మీద నిలబడి కేకలు వేశాడు. పడవ వెనక పడవ. నవ్వులు, పాటలు, కొత్త బట్టల గలగలలు. ఒక పడవలోంచి చిన్నపిల్ల గొంతు స్పష్టంగా వినబడింది.

"అమ్మా, దేవర ఇక్కడే ఉన్నాడేం? తన పండక్కి తాను పోలేదా?"

కోనయ్య దూరం దూరం అని అరిచాడు. పడవ దూరంగా పోయింది.

అక్కడ రేవులో శంభులింగం ధూపం వేసి, గంట కొట్టి, దేవర గుడిలో కొలువై ఉన్నాడని ప్రకటించాడు. జనం లెంపలేసుకున్నారు. అంతలో దీవుల పడవలు ఒడ్డుకు చేరాయి. దిగినవాళ్ళంతా మొగలో కేక విన్నామన్నారు. ఇప్పుడే విన్నాం, మా వెనక వచ్చే పడవలకు ఇంకా కేక వేస్తూనే ఉన్నాడు అన్నారు. రాజు శంభులింగం వైపు చూశాడు. మరి గుడిలో కొలువైనది ఎవరని అడిగాడు. శంభులింగం నీళ్ళు నమిలాడు. సరే, నువ్వు మంత్రంతో కట్టినవాణ్ణి నాకు మొగలోనే చూపించు, పడవ ఎక్కమన్నాడు రాజు. ఆయన పడవ సిద్ధం చేయించేలోగా శంభులింగం పులితోలు కూడా అక్కడే వదిలేసి మాయమయ్యాడు.

మంచు విడిచి ఎండ కాసింది. రాజు ముసలి సరంగును మాత్రం వెంటపెట్టుకుని చిన్న పడవలో మొగకు వచ్చాడు. దేవర కనబడలేదు. పాక ముందు ఒక నడివయసు మనిషి పొయ్యి ఊదుకుంటున్నాడు. పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

ఆ కేక వేసింది నువ్వేనా అని రాజు అడిగాడు. కోనయ్య తలూపాడు. నోరు విప్పి చెప్పమన్నాడు రాజు. కోనయ్య గొంతు నొక్కిపెట్టి, ఎలుక కిచకిచలాడినట్టు, అవును ప్రభూ అన్నాడు.

"అలా కాదు," అన్నాడు రాజు. "నీ గొంతుతోనే మాట్లాడు."

ఆ మాట తల్లి తరవాత మరొకరి నోట కోనయ్య వినలేదు. తన గొంతుతోనే తన కథంతా చెప్పాడు. సరంగు ఒకటి రెండుసార్లు చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు గాని, రాజు కదలకుండా విన్నాడు.

విని, తన కోటకు రమ్మన్నాడు. బురుజు మీద నిలబడి రోజూ పొద్దున్నే కేక వేస్తే నగరమంతా నీ గొంతుతో నిద్ర లేస్తుందన్నాడు. కోనయ్య ఆలోచించి, కోట దగ్గర బండలు ఏమున్నాయి ప్రభూ, అక్కడ నా కేక ఉత్త చప్పుడే అవుతుంది అన్నాడు.

పోనీ రేవులో మేడ కట్టిస్తాను, నలుగురి మధ్యా ఉండు అన్నాడు రాజు. కోనయ్య ముఖం ఒక్కసారి వెలిగింది. వెంటనే ఆరిపోయింది. రేవునుంచి కేక బండల దాకా రాదు అన్నాడు.

అయితే నీ పేరైనా చాటిస్తాను, ఆ గుడి తీయించి నిజం అందరికీ తెలిసేలా చేస్తాను అన్నాడు రాజు. ఇది విని కోనయ్య తల వంచుకున్నాడు. ఇసుకలో వేలితో గీతలు గీశాడు, చెరిపాడు. చివరికి తలెత్తాడు.

"నాకు ఆశ లేదనను ప్రభూ. ఉంది. కానీ మంచులో ఉన్నవాడికి కేక వినగానే చుక్కాని తిరగాలి. మనిషి అని తెలిస్తే, వాడు ఇవాళ లేచాడో లేదో, సరిగ్గా చూశాడో లేదో అని ఒక్క గుక్క ఆగుతారు. ఆ గుక్కలోనే పడవ పోతుంది. వాళ్ళు ఎవరినైనా తలుచుకోనివ్వండి. కేక నిజమైతే చాలు."

నీకేమీ ఇవ్వకుండా ఎలా వెళ్ళను, ఏదైనా ఒకటి అడుగు అన్నాడు రాజు.

కోనయ్య పొయ్యి వంక చూశాడు. సిగ్గుపడుతూ అడిగాడు.

"ఒక పూట నాతో అన్నం తిని వెళ్ళండి."

రాజు చెప్పులు విప్పి ఇసుకలో కూర్చున్నాడు. సరంగు పక్కన కూర్చున్నాడు. తాటాకు దొన్నెల్లో వేడన్నం, చేపల పులుసు. పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఇంకాస్త వేసుకోండి ప్రభూ అని కోనయ్య వడ్డించాడు. నువ్వూ వేసుకోవయ్యా అని సరంగు అతని దొన్నెలో చేపముక్క వేశాడు. సరంగు దీవుల కథలు చెప్పాడు. కోనయ్య గట్టిగా నవ్వాడు. కొంగలు లేచిపోయాయి. ముగ్గురూ చూసి మళ్ళీ నవ్వారు. అలా పొద్దు వాలే దాకా కూర్చున్నారు. కోనయ్య బతుకులో అంతకంటే పెద్ద పండగ లేదు.

అప్పుడు చల్లగాలి వీచింది. ఆ కాలంలో సాయంత్రం మంచు ఎప్పుడో గాని పడదు. ఆ రోజు పడింది. సముద్రం అంచున తెల్లటి తెర లేవడం ముందు కోనయ్యే చూశాడు. చెయ్యి కడుక్కోకుండానే లేచాడు. పాకలో ఉండిపొండని అనాలని నోటి దాకా వచ్చింది. కానీ రాజు కోసం రేవులో ఊరంతా ఎదురు చూస్తోందని సరంగు అప్పటికే చెప్పాడు. త్వరపడండి, నేను బండ ఎక్కుతాను, నా కేకను కుడిచేతి వైపు ఉంచుకుని నదిలోకి తిరగండి అన్నాడు.

రాజు అతని భుజం మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కి, పడవ ఎక్కాడు. ఒడ్డు విడిచేసరికే మంచు కమ్మేసింది. కోనయ్య బండ మీద నిలబడ్డాడు. తెడ్ల చప్పుడు దారి తప్పి తనవైపే వస్తోంది. సరంగు దగ్గు వినిపించింది. ఇంకాస్త దగ్గరకు వస్తే ఆ ముఖాలు మరొక్కసారి కనబడతాయి.

కోనయ్య గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు. తన బతుకులో చుట్టాలుగా వచ్చిన ఆ ఇద్దరే ఇద్దరికి వినబడేలా, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు.

"దూరం! దూరం!"

పడవ పక్కకు తిరిగింది. తెడ్ల చప్పుడు సన్నబడింది. తరవాత వినబడలేదు. ఇంకెవరైనా వస్తారేమోనని కోనయ్య మంచు విడిచేదాకా బండ మీదనే ఉన్నాడు.

ఆ తరవాత ఎన్ని ఏళ్ళు ఆ మొగలో కేక వినబడిందో లెక్క పెట్టినవాళ్ళు లేరు. పడవలు మాత్రం ఇళ్ళకు చేరాయి. కోనయ్య కోరినట్టే రాజు ఎవరికీ చెప్పలేదు. మనకు తెలిసిందంటే అది ఆ ముసలి సరంగు చలవే. చివరి రోజుల్లో తన మనవలకు ఈ కథ చెప్పకుండా ఉండలేకపోయాడు.

కాబట్టి బిడ్డలారా, పుట్టుకతో వచ్చిన గుణాన్ని దాచుకోకండి, అమ్ముకోకండి. అది ఎక్కడ అవసరమో అక్కడ నిలబడండి. అక్కడ మీ పేరు పిలిచేవాళ్ళు లేకపోయినా సరే.